ఇంగ్లిష్ మాటలు గుర్తుండాలంటే ప్రిఫిక్సులు, ఫ్రేజల్ వెర్బులు ఎలా నేర్చుకోవాలి?

తెలుగు మీడియంలో డిగ్రీ చేశాను, బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను, మాటల జాబితాలు బట్టీ పట్టినా వారం తిరిగేసరికి ఒక్కటీ గుర్తుండటం లేదు, ప్రిఫిక్సులు, ఫ్రేజల్ వెర్బుల మీద పడితే లాభమా అని అడిగారు. చాలా లాభం. నేనూ తెలుగు మీడియమే. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఆఫీసులో బయటి దేశాల వాళ్లతో మెయిళ్లు నడపడం నా పని. నా ఇంగ్లిష్ చాలావరకు ఆ మెయిళ్లలోంచి వచ్చిందే.

ప్రిఫిక్స్ అంటే మాట ముందు చేరే ముక్క. మనకు కొత్తేం కాదు, మన ఉపసర్గల్లాంటిదే. సాధ్యం, అసాధ్యం, అర్హత, అనర్హత. హల్లు ముందు ‘అ’, అచ్చు ముందు ‘అన్’. ఇంగ్లిష్‌లో ‘ఇన్’ కూడా పక్క అక్షరాన్ని బట్టి మారుతుంది. ప, బ, మల ముందు ‘ఇమ్’ (ఇంపాసిబుల్), ల ముందు ‘ఇల్’ (ఇల్లీగల్), ర ముందు ‘ఇర్’ (ఇర్రెగ్యులర్). ఇది తెలిస్తే స్పెల్లింగులో రెండు ఎల్‌లు, రెండు ఆర్‌లు ఎందుకొచ్చాయో కూడా తెలిసిపోతుంది.

మాకు వచ్చే ఫిర్యాదు మెయిల్ ఒక్కటి చూడండి: తేజ రకం మిర్చిలో కొన్ని సంచులు అండర్‌వెయిట్, కొన్ని కాయలు డిస్కలర్డ్, రెండు సంచులు మిస్‌లేబుల్డ్, రీప్యాక్ చేసి పంపండి. వెయిట్, కలర్, లేబుల్, ప్యాక్ మీకు వచ్చినవే. ముందున్న ముక్కే కథంతా చెబుతోంది. తక్కువ, పోయింది, తప్పు, మళ్లీ. అయితే ఆ ముక్క తీసేశాక మిగిలింది నిజంగా మాటేనా అని చూసుకోండి. రెడీలో ‘రీ’ లేదు. పెట్రోలు ట్యాంకర్ల మీద రాసే ఇన్‌ఫ్లేమబుల్‌కు మండదని కాదు, తేలిగ్గా అంటుకుంటుందని అర్థం. అక్కడి ‘ఇన్’ లేదనే అర్థమిచ్చేది కాదు.

అసలు కష్టం ఫ్రేజల్ వెర్బులతోనే, అంటే వెనక ఒక చిన్నమాట చేరి అర్థం మారిపోయే క్రియలతో. దానికీ మన దగ్గర ఒక తాళంచెవి ఉంది. ఆహారం, విహారం, సంహారం, పరిహారం: అన్నిటికీ ధాతువు ఒక్కటే, ముందున్న ఉపసర్గ అర్థాన్ని ఎక్కడికో లాక్కుపోయింది. ఇంగ్లిష్‌లో ఆ పని వెనకొచ్చే చిన్నమాట చేస్తుంది. పుట్ ఆన్ అంటే వేసుకోవడం, పుట్ ఔట్ అంటే ఆర్పడం, పుట్ అప్ విత్ అంటే భరించడం. అందుకే వీటిని విడగొట్టి అర్థం వెతక్కండి, మొత్తం ఒకే మాటగా తీసుకోండి.

ఒక కొనుగోలుదారు ఇలా రాశాడనుకోండి: షిప్‌మెంట్ మళ్లీ పుట్ ఆఫ్ చేస్తే ఆర్డర్ కాల్ ఆఫ్ చేస్తాం. మొదటిది వాయిదా, రెండోది రద్దు. రెండింట్లోనూ ‘ఆఫ్’ ఉంది కదా అని ఒకటే అనుకుంటే కంటైనర్ సరుకు చేతిలో మిగిలిపోతుంది! అలాగే రన్ ఔట్ అంటే మనకు క్రికెట్టే గుర్తొస్తుంది. రన్ ఔట్ ఆఫ్ స్టాక్ అంటే సరుకు అయిపోయిందని.

పరీక్షల్లో తప్పు పట్టమన్నప్పుడు వీటి పదక్రమం కూడా చూసుకోండి. కాల్ ఆఫ్ ద మీటింగ్, కాల్ ద మీటింగ్ ఆఫ్, రెండూ సరైనవే. కానీ మీటింగ్ బదులు ‘ఇట్’ వస్తే మధ్యలోనే పెట్టాలి: కాల్ ఇట్ ఆఫ్. లుక్ ఆఫ్టర్ అలా విడిపోదు, లుక్ ఆఫ్టర్ ఇట్ అనే అనాలి. ఏది విడిపోతుందో మామూలు ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు చెప్పదు. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం చేసిన నిఘంటువు ఉంటుంది, లెర్నర్స్ డిక్షనరీ అని అడిగి కొనండి, ఉదాహరణ వాక్యాలతో సహా చూపిస్తుంది. కొత్తది ఖరీదనిపిస్తే విజయవాడ ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల దుకాణాలు చూడండి. పాత ముద్రణ అయినా ఈ పనికి ఏ లోటూ ఉండదు.

‘గెట్’తో వచ్చేవన్నీ ఒకేసారి పేజీ నిండా రాసుకోవద్దు, ఒకదానితో ఒకటి కలిసిపోయి బుర్ర తినేస్తాయి. రోజుకు రెండు మూడు చాలు. ఒక్కోదానికి మీ ఇంట్లోనో, కోచింగ్ సెంటర్లోనో నిజంగా జరిగిన సంగతితో పూర్తి వాక్యం రాయండి. ‘కరెంటు పోవడంతో మాక్ టెస్ట్ పుట్ ఆఫ్ చేశారు’ అన్నది ఇంగ్లిష్‌లో రాసి పైకి చదవండి. నాలుగు రోజులాగి, రాసినదానికి చేయి అడ్డం పెట్టి, ఆ వాక్యాన్నే మళ్లీ చెప్పి చూడండి.