కెర్నెల్ లైసెన్స్ ఒక్కటే చూస్తే చాలదు

ప్రశ్న: మాది చిన్న టీం. నీటి పంపులకు కంట్రోలర్ బోర్డు చేస్తున్నాం. అందులో ఫ్రీఆర్‌టీఓఎస్ (చిన్న చిప్‌లలో పనులను వేళకు నడిపించే ఆపరేటింగ్ సిస్టం, అంటే ఆర్‌టీఓఎస్) పెట్టాం. ఓపెన్ సోర్స్ వాడితే మన కోడ్ మొత్తం బయటపెట్టాల్సి వస్తుందని మా మేనేజర్ టెన్షన్ పడుతున్నారు. అది ఎంఐటీ లైసెన్స్, మనం చెయ్యాల్సిందేమీ లేదని మా సీనియర్ అంటున్నారు. ఎవరి మాట నిజం?

జవాబు: ఇద్దరి మాటా నిజం కాదు. అయితే మీ మేనేజర్ గారి భయం గాల్లోంచి పుట్టింది కాదు. 2003లో రిచర్డ్ బారీ మొదలుపెట్టిన ఫ్రీఆర్‌టీఓఎస్ చాలా ఏళ్లపాటు జీపీఎల్ (ఆ కోడ్‌ను కలిపి పంపిణీ చేస్తే మన సోర్స్ కూడా ఇవ్వాలనే లైసెన్స్) రెండో వెర్షన్ కింద, ఒక మినహాయింపుతో వచ్చేది. కెర్నెల్‌తో (ఆపరేటింగ్ సిస్టంలోని ముఖ్య భాగం) దాని ఏపీఐ (బయటి కోడ్ పిలుచుకునే ఫంక్షన్లు) ద్వారా మాత్రమే పని చేయించుకునే మీ సొంత కోడ్‌ను మీ దగ్గరే ఉంచుకోవచ్చు, కెర్నెల్ సోర్స్ మాత్రం అడిగినవారికి ఇవ్వాలి అన్నది ఆ మినహాయింపు సారాంశం. అనుమతి లేకుండా దాని వేగం, సైజు కొలిచి ప్రచురించకూడదనే షరతు కూడా అందులో ఉండేది. 2017 చివర్లో ప్రాజెక్టు అమెజాన్ చేతికి వెళ్లాక, పదో వెర్షన్ నుంచి ఎంఐటీ లైసెన్స్ వచ్చింది.

కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది మీ దగ్గరున్నది ఏ వెర్షన్ అని. మీ ప్రాజెక్టులో టాస్క్స్.సి ఫైలు తెరిచి పైనున్న కామెంట్ చదవండి. పాత వెర్షన్లలో జీపీఎల్ మాట, దాని కిందే మినహాయింపు మాట బాణం గుర్తుల మధ్య పెద్దక్షరాల్లో కనిపిస్తాయి. కొత్తవాటిలో ఎంఐటీ పాఠమో, లేదా ఒక్క వరసలో ఎస్‌పీడీఎక్స్ గుర్తో (లైసెన్స్ పేరు చెప్పే ప్రామాణిక ట్యాగ్) ఉంటుంది. అక్కడితో ఆగకండి. లిస్ట్.సి, క్యూ.సి, మీ చిప్‌కు సంబంధించిన పోర్ట్.సి (కెర్నెల్‌ను ఆ చిప్ మీద నడిపించే కోడ్) కూడా చూడండి. నేను కోడ్ రివ్యూకి కూర్చున్నప్పుడు ముందు తెరిచేది పోర్ట్ ఫైలునే. కెర్నెల్‌ను కొత్తదానికి మార్చి, పోర్ట్‌ను మాత్రం చిప్ కంపెనీ ఇచ్చిన పాత కోడ్ కట్ట (ఎస్‌డీకే)లోది అలాగే వదిలేసినవాళ్లు చాలామంది ఉంటారు. అప్పుడు ఒకే ఇమేజ్‌లో (చిప్‌లోకి ఎక్కించే మొత్తం బైనరీ) రెండు లైసెన్సులు ఉన్నట్టే. వెబ్‌సైట్ ఇవాళ ఏం చెబుతోందన్నది వేరే సంగతి, మీకు వర్తించేది మీ ఫోల్డర్‌లో ఉన్న ఫైలు చెప్పేదే.

ఇక సీనియర్ గారి మాట. ఎంఐటీ లైసెన్స్ చాలా పొట్టిది, ఒక్కసారి పూర్తిగా చదివితే ఆయనకే తెలుస్తుంది. కాపీరైట్ వరసను, అనుమతి పాఠాన్ని ప్రతి కాపీలోనూ ఉంచాలని అందులో రాసి ఉంది. చిప్‌లోకి ఎక్కించిన బైనరీ కూడా కాపీయే అనుకుని నడుచుకోవడం క్షేమం. ఇలాంటిదే ఇంకోటైన బీఎస్‌డీ లైసెన్సులోనైతే ఆ మాట సూటిగానే ఉంది: బైనరీ ఇచ్చేటప్పుడు నోటీసును డాక్యుమెంటేషన్‌లోనో, వెంట ఇచ్చే కాగితాల్లోనో ముద్రించాలి. మీ నెట్‌వర్క్ కోడ్ ఎల్‌డబ్ల్యూఐపీ అయితే అది బీఎస్‌డీయే. మీ బోర్డుకు స్క్రీన్ లేకపోయినా పర్వాలేదు. యూజర్ మాన్యువల్ చివర రెండు పేజీలు దీనికి కేటాయించండి.

"నోటీసు పెట్టకపోతే ఎవరు చూడొచ్చారు" అని వెంటనే ఎవరో ఒకరు అంటారు. అమెరికాలో మోడల్ రైళ్లను నడిపే ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు విషయంలో ఇదే గొడవ కోర్టుకెక్కింది. ఆ ప్రాజెక్టు ఫైళ్లలోంచి రచయితల పేర్లు, కాపీరైట్ నోటీసులు తీసేసి వాడుకున్నారన్నది ఫిర్యాదు. జేకబ్సెన్, కాట్జర్ కేసుగా పేరుపడిన ఆ వ్యవహారంలో 2008లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు, ఇలాంటి లైసెన్స్ షరతులు మీరితే అది కాపీరైట్ ఉల్లంఘన కావచ్చని చెప్పింది. ఉచితంగా ఇచ్చినంత మాత్రాన షరతుకు విలువ పోదు. నా మట్టుకు నాకు కోర్టు కంటే ఇంకో సంగతి ముఖ్యం. ఎవరో ఏళ్ల తరబడి కూర్చుని రాసిన షెడ్యూలర్ మీద మన ఉత్పత్తి నడుస్తోంది. వాళ్లు అడిగింది పేరు ఉంచమని మాత్రమే.

అసలు చిక్కు కెర్నెల్‌లో కాదు, దాని చుట్టూ ఉన్నవాటిలో ఉంటుంది. చిప్ కంపెనీ ఇచ్చే డ్రైవర్లు, ఫైల్ సిస్టం, నెట్‌వర్క్ సమాచారాన్ని భద్రంగా పంపే టీఎల్‌ఎస్ లైబ్రరీ, సి లైబ్రరీ, ఎవరో ఎక్కడినుంచో తెచ్చి అతికించిన, డేటాలో తప్పులు పట్టే సీఆర్‌సీ ఫంక్షన్... అన్నీ ఒకే ఇమేజ్‌లో కలిసిపోతాయి. కొన్ని చిప్ కంపెనీల కోడ్ పైన "మా చిప్‌ల మీద మాత్రమే వాడాలి" అని ఉంటుంది. రేపు చిప్ దొరక్క ఇంకో కంపెనీది వేసుకుంటే ఆ కోడ్ వదులుకోవాల్సిందే.

ఏమేం కలిశాయో తెలుసుకోవడానికి లింకర్‌తో (కంపైలైన ముక్కలన్నిటినీ ఒకటిగా కలిపే టూల్) మ్యాప్ ఫైలు రాయించండి. జీసీసీ కంపైలర్ వాడేవాళ్లకు ఆ ఫైలు మొదట్లోనే, ఏ లైబ్రరీలోంచి ఏ ముక్క వచ్చిందో, దాన్ని ఏ ఫైలు అడిగిందో వరసగా కనిపిస్తుంది. మీరు ఎక్కడో ఒక ప్రింట్‌ఎఫ్ రాస్తే దాని వెనక న్యూలిబ్ అనే సి లైబ్రరీలోంచి ఎన్ని ముక్కలు వచ్చి చేరాయో చూస్తే ఆశ్చర్యపోతారు. జీసీసీ తనంతట తాను కలిపే లిబ్‌జీసీసీ లైబ్రరీ పేరు చూసి కంగారు పడకండి. అది జీపీఎల్ మూడో వెర్షనే అయినా, మామూలుగా జీసీసీతో కంపైల్ చేసిన కోడ్‌కు అడ్డు రాకుండా ప్రత్యేక మినహాయింపు ఉంది. మిగతా ఒక్కో పేరు పక్కన దాని లైసెన్స్ రాసుకుంటూ పోండి. హెడర్ ఫైళ్లలోని ఇన్‌లైన్ కోడ్ మాత్రం ఈ మ్యాప్‌లో విడిగా కనిపించదు, దాన్ని చేత్తో వెతకాల్సిందే.

ఆ జాబితాలో ఎల్‌జీపీఎల్ (లైబ్రరీల కోసం కాస్త సడలించిన జీపీఎల్) తగిలితే ఆగి ఆలోచించండి. పెద్ద కంప్యూటర్లలో లైబ్రరీ వేరే ఫైలుగా ఉంటుంది కనుక ఇబ్బంది తక్కువ. మైక్రోకంట్రోలర్‌లో అంతా స్టాటిక్ లింకింగే, అంటే లైబ్రరీ మీ కోడ్‌లోనే కలిసిపోతుంది. అప్పుడు లైబ్రరీని మార్చుకుని మళ్లీ లింక్ చేసుకునేందుకు వీలుగా మీ ఆబ్జెక్ట్ ఫైళ్లు కొనుక్కున్నవారికి ఇవ్వాలి. రయట్ ఓఎస్ అనే ఇంకో ఆర్‌టీఓఎస్ ఎల్‌జీపీఎల్ 2.1 కిందే ఉంది. దాన్ని ఎంచుకునేవాళ్లు ఇది ముందే తెలుసుకుని దిగాలి. జీపీఎల్ మూడో వెర్షన్ కోడ్ కలిస్తే ఇంకో మెలిక ఉంది. ఇళ్లలో వాడే పరికరమైతే, మార్చిన ఫర్మ్‌వేర్‌ను అందులో ఎక్కించుకునే సమాచారం కూడా ఇవ్వాలి. సంతకం లేని ఫర్మ్‌వేర్‌ను రానివ్వకుండా బూట్‌లోడర్‌కు (ముందుగా నడిచి ఫర్మ్‌వేర్‌ను మొదలుపెట్టే కోడ్) తాళం వేసి ఉంటే ఆ తాళం సంగతి ముందే తేల్చుకోవాలి.

ప్రశ్న: జెఫైర్ అనే ఇంకో ఆర్‌టీఓఎస్‌కు మారదామనుకుంటున్నాం. దాని అపాచీ 2.0 లైసెన్స్ ఎంఐటీ కంటే కష్టమా?

జవాబు: కాస్త పొడుగు, అంతే. నన్నడిగితే వ్యాపారం చేసేవారికి అదే మేలు. కోడ్ ఇచ్చినవాళ్లు, ఆ కోడ్‌కు వర్తించే తమ పేటెంట్ల మీద కూడా మీకు అనుమతి ఇస్తున్నట్టు అందులో స్పష్టంగా ఉంది. ఎంఐటీలో పేటెంట్ అన్న మాటే లేదు. బదులుగా మీరు ఆ సాఫ్ట్‌వేర్ మీదే పేటెంట్ కేసు వేస్తే మీకిచ్చిన పేటెంట్ అనుమతి పోతుంది. మార్చిన ఫైళ్లలో మార్చామని రాయాలి, నోటీస్ ఫైలు ఉంటే దాన్నీ వెంట పంపాలి. జాగ్రత్త పడాల్సింది ఒకటుంది: జీపీఎల్ రెండో వెర్షన్ మాత్రమే అని గిరిగీసుకున్న కోడ్‌ను అపాచీ కోడ్‌తో ఒకే ఇమేజ్‌లో కలిపి పంపిణీ చేయడం కుదరదు, రెండింటి షరతులకూ పొసగదు.

2016లో లైనక్స్ ఫౌండేషన్ కింద మొదలైన జెఫైర్‌లో, చిప్ కంపెనీల కోడ్ విడి మాడ్యూళ్లుగా వస్తుంది. వాటి లైసెన్సులు వాటివే. జెఫైర్ బిల్డ్‌కు వాడే వెస్ట్ టూల్‌లో ఎస్‌పీడీఎక్స్ అనే కమాండ్ ఉంది, మీ బిల్డ్‌లో ఏ ఫైళ్లు వాడారో, వాటి లైసెన్స్ ఏమిటో జాబితా రాసిపెడుతుంది. బిల్డ్ చేయకముందే దాన్ని ఇనిట్ ఆప్షన్‌తో ఒకసారి నడపాలి. అది మరచిపోతే తర్వాత జాబితా రాదు.

ప్రశ్న: సోర్స్ గిట్‌హబ్‌లో కనిపిస్తుంటే ఓపెన్ సోర్స్ అయినట్టే కదా? రేపు యజమాని లైసెన్స్ మార్చేస్తే మా గతేంటి? (ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని)

జవాబు: కాదమ్మా. మైక్రోసీఓఎస్ సోర్స్ ఏళ్ల తరబడి అందరికీ అందుబాటులోనే ఉండేది, ఎంతోమంది దాంతోనే ఆర్‌టీఓఎస్ నేర్చుకున్నారు. కానీ దాన్ని ఉత్పత్తిలో పెట్టి అమ్మాలంటే లైసెన్స్ కొనాల్సిందే. అది అపాచీ 2.0 కిందకి వచ్చింది 2020లో. థ్రెడ్‌ఎక్స్ అనే ఇంకో ఆర్‌టీఓఎస్‌ను 2019లో మైక్రోసాఫ్ట్ కొని, సోర్స్ గిట్‌హబ్‌లో పెట్టింది. ఉత్పత్తిలో ఉచితంగా వాడాలంటే మాత్రం తాము గుర్తించిన చిప్‌ల మీదే వాడాలంది. 2023లో ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు ఇచ్చేశాకే ఎంఐటీ వచ్చింది.

యజమాని లైసెన్స్ మార్చినా అది ఆ తర్వాతి విడుదలలకే. ఎంఐటీ కింద నువ్వు తీసుకున్న వెర్షన్, షరతులు పాటించినంత కాలం నీకు ఎంఐటీయే. అందుకే వాడిన వెర్షన్‌ను లైసెన్స్ ఫైలుతో సహా నీ సొంత రిపాజిటరీలో దాచుకో. లింక్ రాసిపెట్టుకుంటే చాలదు, ఆ లింక్ వెనకున్న పేజీ ఎవరైనా ఎప్పుడైనా మార్చవచ్చు.