ప్యాంక్రియాస్ క్యాన్సర్ సర్జన్ అవుతానంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. వాళ్ల తాతయ్య ప్యాంక్రియాస్ క్యాన్సర్‌తో పోయినప్పటి నుంచి ఆ జబ్బుకే సర్జన్ అవుతానని, మెడికల్ కాలేజీలోనే ఉండి పరిశోధన కూడా చేస్తానని అంటోంది. దానికి ఎన్నేళ్లు చదవాలి? ఎక్కువమంది పేషెంట్లు దక్కని జబ్బు కదా, తను తట్టుకోగలదా అని మాకు టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు. నీట్ పీజీ రాసి ఎంఎస్ జనరల్ సర్జరీ 3 ఏళ్లు, ఆపై నీట్ ఎస్‌ఎస్ రాసి ఎంసీహెచ్ అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు మరో 3 ఏళ్లు. మధ్యలో ప్రిపరేషన్‌కు పట్టే సమయం, ఆఖర్లో ఫెలోషిప్ కూడా చూసుకుంటే, సొంతంగా ఈ ఆపరేషన్లు చేసే నాటికి తనకు ముప్పై దాటుతాయి. ఎంఎస్, ఎంసీహెచ్‌లలో స్టైపెండ్ వస్తుంది. సీటు తీసుకునే ముందు మాత్రం బాండ్ (కోర్సు అయ్యాక కొంతకాలం ప్రభుత్వ సర్వీసు చేస్తామనే ఒప్పందం) షరతులు పూర్తిగా చదవండి.

ఎంసీహెచ్‌లో సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజీ (జీర్ణవ్యవస్థ ఆపరేషన్లు), సర్జికల్ ఆంకాలజీ (క్యాన్సర్ ఆపరేషన్లు) అని రెండు దారులున్నాయి. ప్యాంక్రియాస్ మీదే మనసుంటే నేను మొదటిదే చెబుతాను. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియాలలో ఆ విభాగాలున్నాయి. ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, జిప్‌మర్‌లకు ఐఎన్ఐ ఎస్ఎస్ విడిగా రాయాలి.

కాలేజీ పేరు కన్నా అక్కడ ఏడాదికి ఎన్ని విపుల్ ఆపరేషన్లు చేస్తున్నారో ముందు కనుక్కోమనండి. ప్యాంక్రియాస్ తల భాగాన్ని, దానికి ఆనుకున్న చిన్నపేగు మొదలును, గాల్‌బ్లాడర్‌ను, పైత్యనాళంలో కొంత భాగాన్ని తీసేసి, మిగిలిన ప్యాంక్రియాస్‌ను, పైత్యనాళాన్ని, పొట్టను మళ్లీ పేగుకు కలిపి కుట్టే ఆపరేషన్ ఇది. మెత్తటి ప్యాంక్రియాస్‌లో నాళం రెండు మూడు మిల్లీమీటర్లే ఉండొచ్చు. అసలు భయం ఆ కుట్టు దగ్గరే. మూడో రోజు డ్రెయిన్‌లో (పొట్టలోంచి బయటికి పెట్టిన గొట్టంలో) వచ్చిన ద్రవాన్ని అమైలేజ్ (ప్యాంక్రియాస్ తయారుచేసే ఎంజైమ్) పరీక్షకు పంపి, రిపోర్టు వచ్చేదాకా సర్జన్ కుదురుగా ఉండలేడు. అమైలేజ్ బాగా పెరిగి ఉంటే కుట్టు లీకవుతోందేమోనని చూడాలి. 2002లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, ఈ ఆపరేషన్లు చాలా అరుదుగా జరిగే ఆసుపత్రుల్లో మరణాలు 16 శాతం దాకా ఉంటే, ఎక్కువగా జరిగే చోట 4 శాతం లోపే ఉన్నాయి. నేర్చుకునే చోటు అంత ముఖ్యమని చెప్పడానికే ఈ లెక్క.

ఇక మీ అసలు భయం. అది నిజమే, దాన్ని తగ్గించి చెప్పను. జబ్బు బయటపడేసరికి ఆపరేషన్‌కు వీలున్నవాళ్లు నూటికి పదిహేను, ఇరవై మందే. వాళ్లలోనూ చాలామందికి మళ్లీ తిరగబెడుతుంది. అందుకే కాలేజీలో ఉండి పరిశోధన చేస్తానన్న మాటే మీ అమ్మాయి ఆలోచనలో నాకు బాగా నచ్చింది. ఇక్కడ కత్తి ఒక్కటే సరిపోదు. ఆపరేషన్ తర్వాత ఇచ్చే కీమో మందులను పోలుస్తూ ఫ్రాన్స్, కెనడా డాక్టర్లు చేసిన ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. పాత మందు తీసుకున్నవాళ్ల మధ్యస్థ జీవితకాలం 35 నెలలైతే, కొత్త మందుల కలయికతో అది 54 నెలలకు చేరింది. వార్డులో పేషెంట్లు పోతుంటే కుంగిపోకుండా నిలబడాలంటే, ఇలాంటి పనిలో తనకూ ఒక చెయ్యి ఉందన్న నమ్మకం కావాలి. కార్పొరేట్ ప్రాక్టీస్‌లో వచ్చినంత డబ్బు టీచింగ్ ఉద్యోగంలో సాధారణంగా రాదు. అది ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి.

ఎంబీబీఎస్ విద్యార్థుల కోసం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇచ్చే షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కు తను దరఖాస్తు చేయొచ్చు. రెండు నెలల చిన్న ప్రాజెక్ట్ అది. డేటా సేకరించడం, కమ్యూనిటీ మెడిసిన్‌లో చదివిన స్టాటిస్టిక్స్‌ను వాడటం తనకు ఇష్టమో కాదో అక్కడే తేలిపోతుంది. సర్జరీ పోస్టింగ్‌లో ఉన్నప్పుడు ట్యూమర్ బోర్డు (వేర్వేరు విభాగాల డాక్టర్లు కలిసి క్యాన్సర్ పేషెంట్ల చికిత్సను నిర్ణయించే) మీటింగ్‌లో ఓ మూల కూర్చుంటానని ప్రొఫెసర్ గారిని అడగమనండి. ఆపరేషన్ వద్దని పేషెంట్ ఇంటివాళ్లకు ఎలా చెబుతారో కూడా వీలైతే దగ్గరుండి వినమనండి. ఎంఎస్ చేరాక కూడా మనసు మార్చుకునే వీలుంది కాబట్టి, ఇప్పుడే అవునో కాదో తేల్చమని తన మీద ఒత్తిడి పెట్టకండి.