టౌన్ స్కూలా, మన ఊరి సైన్స్ సారా?

ప్రశ్న: మాది కల్యాణదుర్గం దగ్గర పల్లె. శెనక్కాయ రైతును. మా పాప జడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది, కేంద్ర ప్రభుత్వం పరీక్ష పెట్టి పేద పిల్లలకు ఇచ్చే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ కూడా వచ్చింది. వాళ్ల సైన్స్ సారు ప్రతి ఆదివారం పిల్లల్ని రచ్చకట్ట దగ్గర కూర్చోబెట్టి ప్రయోగాలు చేయిస్తాడు, అప్పుడప్పుడు రాత్రిపూట నక్షత్రాలు చూపిస్తాడు, ఊళ్లో బోర్ల నీళ్లు పరీక్ష చేయిస్తాడు. పాపకు అదే లోకమైపోయింది. లెక్కల్లో మాత్రం ఈసారి మార్కులు తగ్గాయి. మా బావమరిది 'ఆ సారు అవార్డు కోసం పిల్లల్ని తిప్పుతున్నాడు, అనంతపురంలో ఐఐటీ ఫౌండేషన్ ఉన్న స్కూల్లో వేసేయ్' అంటున్నాడు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు మేడమ్?

జవాబు: అయ్యా, మీ టెన్షన్ నాకు అర్థమైంది. ముందు సూటిగా ఒక మాట చెప్తాను, కారణాలు తర్వాత చెప్పుకుందాం. పదో తరగతి అయ్యేదాకా పాపను ఆ బడి నుంచి కదపకండి.

మొదట డబ్బు లెక్క చూద్దాం. ఎన్‌ఎంఎంఎస్ కింద పాపకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు, నాలుగేళ్లకు 48,000. ఇది ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలకే. ప్రైవేటు స్కూల్లో చేర్చిన రోజుతో ఆ డబ్బు ఆగిపోతుంది. మీ బావమరిదికి ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు. తొమ్మిది మొదటిసారే పాస్ కావాలి, పదిలో 60 శాతం తెచ్చుకోవాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలైతే 55 చాలు. ఈ ఏడు ఆన్‌లైన్‌లో నమోదు, పది నుంచి ఏటా రెన్యువల్ చేయించడం మాత్రం మరిచిపోకండి. అర్హత ఉండి కూడా ఆ ఒక్క పని చేయించక డబ్బు పోగొట్టుకున్న పిల్లల్ని నేను చూశాను.

రెండోది ట్రిపుల్ ఐటీ. ఇడుపులపాయ క్యాంపస్ మనకు పక్క జిల్లాలోనే, కడపలో ఉంది. అక్కడ ఇంటర్‌తో సమానమైన రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్ల చదువు. ఎంట్రన్స్ ఏమీ ఉండదు, పదో తరగతి మార్కులే ఆధారం. పైగా రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు వెనుకబాటు కింద 4 శాతం మార్కులు కలుపుతారు. అరమార్కు తేడాతో సీట్లు చేజారే చోట 4 శాతం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. ఫీజు కట్టి మరీ దాన్ని ఎందుకు వదులుకోవాలి?

ఇక మీ అసలు భయం ఆదివారం కార్యక్రమాల గురించి. నేను కళ్లారా చూసిన ఒక సంగతి చెప్తాను.

ఒక ఏడాది ఆగస్టు రెండో వారంలో రాయదుర్గం వైపు ఒక ఊరి బడివాళ్లు పిలిస్తే వెళ్లాను. ఆ రోజు 'నీడ లేని రోజు'. సూర్యుడు మిట్టమధ్యాహ్నం రోజూ నడినెత్తికి వస్తాడని మనం అనుకుంటాం గానీ, సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదిలో రెండే రోజులు. మన అనంతపురం వైపు ఏప్రిల్ నెలాఖరులో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో మరోసారి. ఢిల్లీవాళ్లకు అది ఎన్నడూ రాదు, వాళ్లు కర్కటరేఖకు పైన ఉన్నారు. బడి ఆవరణలో మీటరు పొడవు ఇనుప పైపు ఒకటి నిలువుగా పాతారు. వంపు లేకుండా దారానికి రాయి కట్టి చూసుకున్నారు. మబ్బు అడ్డం వస్తుందేమోనని అందరూ పైకే చూస్తున్నారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి నేలమీద మోకాళ్లూని, స్కేలు పెట్టి నీడ కొలుస్తోంది. పన్నెండు గంటలకు పదకొండు సెంటీమీటర్లు. పన్నెండూ పదికి ఏడు. పన్నెండూ ఇరవైకి మూడు. ఇంకొంచెం సేపటికి నీడంతా పైపు మొదట్లోకి ముడుచుకుపోయింది. గోడ పక్కన కూర్చున్న ఒక అవ్వ లేచి వచ్చి, చుట్టూ తిరిగి చూసి, 'నీడ యాడికి పోయిందే?' అంది. 'యాడికీ పోలేదవ్వా, కిందనే ఉంది' అని ఆ పిల్ల నవ్వింది.

ఆ వెంటనే సారును ఆ పిల్ల అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. 'పన్నెండుకే కావాల్సింది గదా సార్, ఇంతసేపు ఎందుకు పట్టింది?' సారు జవాబు చెప్పలేదు, అట్లాస్ తెమ్మన్నాడు. మన దేశం గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది, ఆ గీత కాకినాడ దగ్గరగా పోతుంది. రాయదుర్గం దానికి ఐదు డిగ్రీల పైన పడమరగా ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. అంటే అక్కడ మిట్టమధ్యాహ్నం ఇరవై నిమిషాలు, ఇంకా పైచిలుకు ఆలస్యం. పిల్లలే వేళ్ల మీద లెక్కేశారు. ఆ అరగంటలో భూగోళం, భౌతికశాస్త్రం, లెక్కలు మూడూ కలిసిపోయాయి. పైపు ఎత్తును నీడ పొడవుతో భాగిస్తే వచ్చేదే పదో తరగతి త్రికోణమితిలో మీ పాప చదవబోయే 'టాన్'. నేలమీద కొలిచిన పిల్లకు ఆ పాఠం ఎందుకు కష్టమవుతుంది చెప్పండి?

అలాగని లెక్కల మార్కులు తగ్గడాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. మీరు భయపడింది న్యాయమే. ట్రిపుల్ ఐటీకైనా, ఇంజినీరింగ్‌కైనా లెక్కలు గట్టిగా ఉండాలి. నక్షత్రాలు చూసినంత మాత్రాన సీటు రాదు. పాప జవాబు పత్రం తీసుకుని లెక్కల టీచర్ దగ్గర కూర్చోండి. ఎక్కడ తప్పింది? అర్థం కాకనా, గుర్తుల తికమకతోనా, టైము చాలకనా? తొమ్మిదో తరగతిలో ఎక్కువమంది బీజగణితం దగ్గర తడబడతారు, దానికి మూలం ఏడు, ఎనిమిది తరగతుల్లో ఉంటుంది. రోజూ పొద్దున ఒక గంట, ఒక్క చాప్టర్ పట్టుకుని, మూడు నెలలు చేయించండి. ఆదివారం సైన్స్ రెండు గంటలకు మించకుండా, పరీక్షల వారంలో రాత్రి కార్యక్రమం లేకుండా చూడమని సారునే అడగండి. పిల్లల మేలు కోరేవాడు కాబట్టి కాదనడు.

ఆదివారం చేసే పని ఎక్కడికీ పోదు. ఇస్రో 2019 నుంచి 'యువికా' అని తొమ్మిదో తరగతి పిల్లలకు వేసవిలో రెండు వారాల శిక్షణ ఇస్తోంది. ప్రయాణం, బస, భోజనం అంతా ఇస్రోదే. శ్రీహరికోట కూడా ఆ శిక్షణ కేంద్రాల్లో ఒకటి. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులతోపాటు ఆన్‌లైన్ క్విజ్, సైన్స్ ఫేర్‌లో పాల్గొన్నారా లేదా అన్నదీ చూస్తారు. పంచాయతీ పరిధిలోని బడి పిల్లలకు ప్రత్యేకంగా మార్కులు కలుపుతారు. నోటిఫికేషన్ మామూలుగా ఫిబ్రవరి, మార్చిల్లో వస్తుంది. మీ పాపకు ఇదొక్క ఏడాదే అవకాశం, పదికి వెళ్తే వీలుండదు.

బడి పిల్లల కొత్త ఆలోచనల కోసం కేంద్రం నడిపే ఇన్‌స్పైర్ మానక్ ఇంకొకటి. ప్రతి బడి నుంచి ఐదుగురు పిల్లల ఆలోచనలు పంపవచ్చు. ఎంపికైతే నమూనా చేసుకోవడానికి 10,000 రూపాయలు పిల్లల ఖాతాలోకే వేస్తారు. మీ ఊరి బోర్ల నీళ్లు పరీక్షిస్తున్నారన్నారు కదా, మన జిల్లాలో ఫ్లోరైడ్ ఎంత పాత బాధో మీకు నేను చెప్పక్కర్లేదు. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు. ఏ బోరులో ఎంత ఉందో పాప నోట్‌బుక్కులో రాసి ఉంటే, అక్కడి నుంచి ఒక ఆలోచన పుట్టించడం కష్టం కాదు. సైన్స్ ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక అనే సంస్థ నడిపే చెకుముకి సైన్స్ సంబరాల్లోనూ పాల్గొననివ్వండి. ముగ్గురు పిల్లలు జట్టుగా వెళ్తారు, మండలం దాటి జిల్లాకు వచ్చినప్పుడు పల్లె పిల్లలకు వచ్చే ధైర్యం వేరు.

ఇప్పుడు సారు గారి సంగతి. 'అవార్డు కోసం చేస్తున్నాడు' అన్న మాట నాకు బాధ కలిగించింది. జాతీయ ఉత్తమ ఉపాధ్యాయ అవార్డుతో వచ్చేది 50,000 రూపాయలు, ఒక వెండి పతకం, ఒక ప్రశంసాపత్రం. ఏళ్ల తరబడి ఆదివారాలు వదులుకునే మనిషి దానికోసమే చేస్తున్నాడని ఎలా అనగలం? ఒకవేళ అవార్డు ఆశించినా అందులో తప్పేముంది? రైతుకు పంట పోటీలో బహుమతి వస్తే ఊరంతా సంతోషిస్తాం కదా.

నేను కర్నూలు జిల్లాలో ఒక జడ్పీ బడిలో చదివాను. మాకొక సైన్స్ టీచరమ్మ ఉండేది. తాళం పడి దుమ్ము పట్టిన బీరువా తెరిపించి మైక్రోస్కోప్ బయటికి తీయించింది. ఉల్లిపొర గాజుపలక మీద పెట్టి, చుక్క అయోడిన్ వేసి, ఒక్కొక్కరినీ వరుసలో నిలబెట్టి చూపించింది. ఇటుకలు పేర్చినట్టు గదులు గదులుగా కనిపించాయి. నా వంతు అయిపోయాక మళ్లీ వరుస చివర నిలబడ్డాను. రెండేళ్లకు ఆమెకు బదిలీ అయింది. వెళ్లే రోజు ఊళ్లో ఒక్కరూ రాలేదు. అటెండరే పెట్టె మోసుకుని బస్సెక్కించాడు. ఆ బీరువాకు మళ్లీ తాళం పడింది. నేను పదో తరగతి దాటేదాకా అది తెరవలేదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మన రాష్ట్రంలో ఒకేచోట ఎనిమిదేళ్లు నిండిన టీచర్‌కు బదిలీ తప్పదు. మీ సారూ ఒకరోజు వెళ్తాడు. ఆయన ఉండగానే ఈ ఆదివారం సైన్స్‌ను ఊరి పనిగా మార్చుకోండి. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, అందులో మీకూ మాట ఉంది. వచ్చే సమావేశంలో తీర్మానం పెట్టించండి. పంచాయతీ భవనంలో ఒక గది, ఒక బీరువా, దాని తాళం ఇద్దరు తల్లుల దగ్గర. ఊళ్లో బీటెక్, డిగ్రీ చదివిన కుర్రాళ్లుంటే నెలకొక ఆదివారం వాళ్లకు అప్పగించండి. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం. ఆ రోజు పిల్లలు బోర్ల నీళ్ల లెక్కలు ఊరందరికీ చదివి వినిపించాలి, సారుకు ఊరి తరఫున శాలువా కప్పాలి. జిల్లా విద్యాశాఖాధికారికి తల్లిదండ్రులంతా సంతకాలు పెట్టి ఒక ఉత్తరం రాయండి. జాతీయ అవార్డుకు 2018 నుంచి టీచర్లు తామే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి, చేసిన పనికి ఆధారాలు జతచేయాలి. చాలామంది మంచి టీచర్లు మొహమాటంతో ఆ పని చేయరు. మీ ఉత్తరం ఉంటే ఆయనకు ఆసరాగా ఉంటుంది.

పదో తరగతి తర్వాత మళ్లీ ఆలోచిద్దాం. పాపకు జేఈఈ వైపే మనసుంటే ఇంటర్‌కు టౌన్‌కు పంపవచ్చు, కానీ స్కాలర్‌షిప్ నిలవాలంటే ఇంటర్ కూడా ప్రభుత్వ లేదా ఎయిడెడ్ కాలేజీలోనే. పరిశోధన ఇష్టమైతే తిరుపతిలో 2015 నుంచి ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఉంది, అక్కడ ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. ఇంటర్‌లో బోర్డు మొదటి ఒక శాతంలో నిలిచి ఇలాంటి మూల విజ్ఞాన కోర్సుల్లో చేరినవారికి ఇన్‌స్పైర్ కింద ఏడాదికి 80,000 స్కాలర్‌షిప్ ఉంది. అగ్రికల్చర్ బీఎస్సీ కూడా మరిచిపోవద్దు, రైతు కుటుంబాల పిల్లలకు అక్కడ ప్రత్యేక కోటా ఉంది. మన వైపు చాలామంది వేసిన కె-6 శెనక్కాయ కదిరి పరిశోధన కేంద్రంలో పుట్టిందే. అలాంటి చోట రేపు మీ పాప పనిచేయవచ్చు.

సోమవారం బడికి వెళ్లి హెడ్మాస్టర్ గారిని రెండు విషయాలు అడగండి: ఇన్‌స్పైర్ మానక్‌కు ఈసారి ఐదు పేర్లూ వెళ్లాయా, పాప ఎన్‌ఎంఎంఎస్ ఆన్‌లైన్‌లో నమోదైందా. ఈ ఆదివారం మాత్రం పొలం పని ఒక రెండు గంటలు ఆపి మీరూ రచ్చకట్ట దగ్గర కూర్చోండి, బావమరిదిని కూడా తీసుకెళ్లండి.