ఆల్టో తలుపు కింద తుప్పు, మైలేజీ తగ్గుదల

అండీ, అంతర్వేది దగ్గర మీ ఆల్టోకి తలుపుల కింద తుప్పు పడుతోంది, మైలేజీ కూడా తగ్గిందన్నారు కదా, ముందుగా తలుపుల అడుగు అంచున చిన్న కన్నాలుంటాయి చూడండి, అవి మట్టితో పూడుకుపోతే వాన నీళ్లు లోపలే నిలిచిపోయి తుప్పు రేకుని లోపల్నుంచి తినేస్తది, చీపురు పుల్లతో పొడిచి తీసేయండి. పైగా ఉప్పు గాలి, రొయ్యల చెరువుల గట్లు, కాబట్టి వారానికోసారి బండి అడుగున, మడ్‌గార్డుల లోపల మంచినీళ్లు కొట్టించి ఆరబెట్టండి, తడి బండికి కవర్ మాత్రం అస్సలు వేయొద్దండి. లేచిన తుప్పుని ఎమిరీ పేపర్‌తో గీకి ప్రైమర్ కొట్టాకే పెయింట్.

మైలేజీకైతే టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించండి. స్పీడ్ బ్రేకర్ కనపడగానే గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ వదిలేయండి, పెట్రోలుని కంప్యూటరే కొలిచి పంపే ఇంజెక్షన్ బండి కదా, పెట్రోలు దాదాపు ఆగిపోద్ది, న్యూట్రల్ చేస్తే ఆగదు.