ఊరి ముందు చదివే కాగితం

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

చెరువు కోసం మీ యువజన సంఘం రాసిన ప్రకటన అందింది. రెండుసార్లు చదివాను. నాలుగు పుటల్లోనూ చెరువు మీద ప్రేమ ఉంది. ఏ నెలలో ఏం చేస్తారో మాత్రం ఎక్కడా లేదు. "చెరువు సమగ్రాభివృద్ధికి కట్టుబడి ఉంటాం" అన్న వాక్యం కొట్టివేయి. ఏడాది తరువాత ఎవరైనా అడిగితే కట్టుబడ్డామన్నా చెల్లుతుంది, లేదన్నా చెల్లుతుంది. "వేరుశనగ విత్తనం వేసేలోగా తూము దగ్గర పూడిక తీస్తాం" అని రాయండి. తీశారో లేదో కట్ట మీద నడిచే ప్రతి మనిషికీ తెలిసిపోతుంది.

మన సీమవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో, కోస్తా పెద్దలూ సీమ పెద్దలూ కూర్చుని శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. రాబోయే ఆంధ్ర రాష్ట్రంలో రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో సీమ కోరుకోవచ్చన్నారు. సూటి మాట కనుక గట్టిగా అడగగలిగారు, 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. నీళ్ల మాట అంత సూటిగా లేదు. సాగునీటి పథకాల్లో సీమకూ నెల్లూరుకూ పదేళ్లు, లేదా పరిస్థితులను బట్టి ఇంకా ఎక్కువ కాలం ప్రాధాన్యం ఇవ్వాలన్నారు. ఆ పరిస్థితులు తీరాయని తేల్చేది ఎవరు? ఇవ్వకపోతే ఎవరి గడప ఎక్కాలి? ఆ పెద్దల మనసును నేను శంకించను. కానీ ఆ ఖాళీ గురించి ఇప్పటికీ బాధపడతాను.

నేనూ ఇలాంటి తప్పు చేశాను. మీ వయసులో చెరువు పనికి చందాలు ఎత్తి, ప్రతి నెలా లెక్క చూపిస్తామని రచ్చకట్ట మీద చదివాం. లెక్క ఎవరు రాయాలో, ఎక్కడ అంటించాలో రాసుకోలేదు. రెండు నెలలు చూపించాం. మూడో నెల ఇద్దరం ఒకరి మీద ఒకరం వదిలేశాం. రూపాయి కూడా పోలేదు. అయినా మరుసటి ఏడు చందా అడిగితే ఒక ముసలమ్మ "లెక్క ఏదయ్యా?" అంది. జవాబు చెప్పలేక తిరిగి వచ్చాను. అందుకే డబ్బు గురించి రాసే చోట మనిషి పేరు, తేదీ, అంటించే గోడ మూడూ ఉండాలి. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పండి. 2013లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన తరువాత, ఎన్నికల ప్రణాళికల్లో ఇచ్చే హామీలకు నిధుల దారి చెప్పాలని పార్టీలకే నిబంధన వచ్చింది. ఊరి సంఘానికి అంతకంటే తక్కువ బాధ్యత ఉండకూడదు.

చేయబోమన్నవి కూడా రాయండి. తీసిన ఒండ్రుమట్టి ఎవరి పొలానికి ముందు తోలాలో సంఘంవాళ్లు నిర్ణయించరు, చీటీ వేసి తేలుస్తారు. ఈ ఒక్క వాక్యం మీ మొదటి పుట మొత్తం కంటే బరువైనది.

పుటలు రెండుకు తగ్గించు. అచ్చుకు ఇచ్చే ముందు, చెరువు నీళ్లు పొలాలకు పంచే నీరుగట్టి తాతకు చదివి వినిపించు. ఆయన "అంటే ఏమిటమ్మా?" అన్న చోటల్లా మార్చు. సంతకాలు అందరివీ ఉండాలి, వేలిముద్రలకు చోటు వదులు.

చివరిది, కష్టమైనది. చెరువు పోరంబోకు ఆక్రమణలు తొలగించాలని మూడో పుటలో రాశారు. మంచిది. అందులో మీ చిన్నాన్న కంచె కూడా ఉందని నీకు తెలుసు. ఆ వాక్యం తీసేయకు, మెత్తబరచకు. మొదట తొలగేది మన కంచేనని అక్కడే రాయి. వాడితో నేను మాట్లాడతాను, మీరు చదివే రోజుకు ముందే. ఆదివారం బస్సుకు వస్తున్నాను.

మీ పెదనాన్న