ప్రశ్నలు – జవాబులు: ఇగాలా వారు యోరుబాలేనా?

ప్రశ్న: మా తమ్ముడు నైజీరియాలో వెల్డరుగా పనిచేస్తున్నాడు. అతనితో పనిచేసేవారిలో ఒకరు యోరుబా, ఇంకొకరు ఇగాలా. ‘మీది మా భాషే, మీరూ మావాళ్ళే’ అని యోరుబా అతను అన్నప్పుడల్లా ఇగాలా అతను ససేమిరా ఒప్పుకోడట. ఇద్దరి మాటల్లోనూ కొన్ని పదాలు ఒక్కలాగే వినిపిస్తాయని తమ్ముడు ఫోనులో చెప్పాడు. ఇద్దరిలో ఎవరి మాట సరైనది?
– సోంపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: భాష వరకు చూస్తే యోరుబా మిత్రుడి మాటలో కొంత నిజం ఉంది. ‘మావాళ్ళే’ అన్నచోట మాత్రం నేను ఇగాలా మిత్రుడి పక్షమే.

ఇగాలా వారి ప్రాంతం నైజీరియా నడిభాగంలో, నైజర్, బెన్యువే నదులు కలిసే లొకోజాకు దిగువన, నైజర్ తూర్పు ఒడ్డున ఉంది. వారి పాత రాజధాని ఇడా. అక్కడి రాజును ‘అటా’ అంటారు. యోరుబాల ప్రాంతం చాలావరకు నదికి పడమట ఉంటుంది. ఇఫె, ఓయో, ఇబాదాన్, అబెయొకుటాల మీదుగా సముద్రతీరం దాకా, అక్కడి నుంచి పొరుగునున్న బెనిన్ రిపబ్లిక్‌లోకి కూడా అది విస్తరించింది. యోరుబా మాట్లాడేవారు కోట్లలో ఉన్నారు. ఇగాలా మాట్లాడేవారు వారిలో చిన్న భాగమంత మాత్రమే. సంఖ్యలోని ఈ తేడాను మనసులో పెట్టుకుంటే, ‘మీరూ మావాళ్ళే’ అన్న మాట పెద్ద గుంపు నోట ఆప్యాయతగా వెలువడినా చిన్న గుంపు చెవికి ఎందుకు వేరుగా వినిపిస్తుందో తేలికగా బోధపడుతుంది.

ఈ రెండు భాషల పోలికను పండితులు ఇటీవల కనిపెట్టలేదు. సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో, బానిస ఓడల నుంచి విడిపించిన ఆఫ్రికన్ల నోట విని వందకు పైగా భాషల పదాలను సేకరించిన జర్మన్ మతబోధకుడు కొయెలె, 1854లో వాటిని అచ్చువేసినప్పుడే యోరుబా మాండలికాలను, ఇగాలాను కలిపి ‘అకు–ఇగాలా’ అనే ఒకే శీర్షిక కింద పెట్టాడు. యోరుబాలను ఆ ఊళ్ళో అప్పుడు అకు అనేవారు. నేటి భాషాశాస్త్రం యోరుబా, ఇగాలా, నైజీరియా దక్షిణ తీరాన వార్రి పట్టణం వైపు మాట్లాడే ఇట్సెకిరి భాషలను యోరుబాయిడ్ అనే ఒకే శాఖలో చేరుస్తుంది. అంటే ఇగాలా యోరుబాకు మాండలికం కాదు, యోరుబా నుంచి పుట్టినదీ కాదు; ఇప్పుడు ఎవరూ మాట్లాడని ఒక పాత భాష నుంచి రెండూ విడివడ్డాయి. ఆ చీలికకు దాదాపు రెండు వేల ఏళ్ళు అయి ఉంటుందని 1960లలో రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ అంచనా కట్టాడు. పదాలు అన్ని భాషల్లోనూ ఒకే వేగంతో మారతాయన్న ఊహ మీద కట్టిన లెక్క కాబట్టి ఆ అంకెను పట్టుకుని వేలాడనక్కరలేదు కానీ, ఎడబాటు చాలా పాతదన్న మాటను మాత్రం రెండు భాషల మధ్య నేడు కనిపించే దూరమే బలపరుస్తోంది.

ఇక జాతి పేరు సంగతి. యోరుబాలందరూ అనాదిగా తమను యోరుబాలని పిలుచుకున్నారనుకోవడం పొరపాటు. ఆ పేరును మొదట ఉత్తరాది హౌసా వారు ఓయో రాజ్యం వారికి వాడేవారు. ఎగ్బా, ఇజెబు, ఎకిటి ప్రాంతాల వారు ఎవరి పేరుతో వారు ఉండేవారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషన్ల పాఠశాలలు, అచ్చు పుస్తకాలు వచ్చాకే ఆ పేరు అందరిదీ అయింది. బాల్యంలో బానిసగా పట్టుబడి, 1822లో విముక్తి పొంది, తరువాత ఆంగ్లికన్ సంఘంలో మొదటి ఆఫ్రికన్ బిషప్ అయిన శామ్యూల్ అజాయి క్రౌథర్ 1843లో యోరుబా పదకోశం ప్రచురించాడు, బైబిలు అనువాదానికి నడుం కట్టాడు. ఒకరి యాస ఒకరికి వింతగా ఉన్న ఊళ్ళన్నీ ఒకే రాత భాషను చదవడం అప్పుడు మొదలైంది. దానికి తోడు ఇఫె పట్టణానికి చెందిన ఒడుడువాయే తమ మూలపురుషుడన్న నమ్మకం వారిని ఒకటిగా కట్టింది. ఈ రెండు ముళ్ళలోనూ ఇగాలా వారు లేరు. బ్రిటిష్ పాలనలో వారిది ఉత్తర నైజీరియా. అక్కడి వ్యవహారంలో హౌసా భాషదే పైచేయి.

ఇడా రాజవంశం తన మూలం గురించి చెప్పుకునే కథలు కూడా ఒక్క దిక్కుకే పోవు. కొన్ని యోరుబాల వైపు, కొన్ని బెనిన్ రాజ్యం (ఇది నేటి నైజీరియాలోనిదే, పైన చెప్పిన బెనిన్ రిపబ్లిక్ కాదు) వైపు, మరికొన్ని తూర్పున జుకున్‌లు అనే జనం వైపు చూపిస్తాయి. బెనిన్‌తో ఇడా 16వ శతాబ్దం మొదట్లో యుద్ధం చేసింది. అయినా అటా గుండెల మీద వేలాడే రాజచిహ్నం బెనిన్ శైలిలో పోతపోసిన ఇత్తడి ముఖమే. జుకున్‌లతో యుద్ధం వచ్చినప్పుడు రాజ్యాన్ని గట్టెక్కించడానికి అటా అయెగ్బా కూతురు ఇనిక్పి తనను సజీవంగా పాతిపెట్టడానికి ఒప్పుకుందని వారి గాథ. ఇడాలో ఆమె విగ్రహం నిలబెట్టారు. బొబ్బిలి యుద్ధం నాటి రాజకుటుంబపు ఆడపడుచును పైడితల్లిగా కొలుచుకునే విజయనగరం వారికి, ఇలాంటి గాథ ఒక జనాన్ని ఎంత గట్టిగా ఒక్కటి చేస్తుందో నేను వివరించనక్కరలేదు. ఇగాలా మనిషి ‘నేను ఇగాలా’ అన్నప్పుడు ఇడా, అటా, ఇనిక్పి ఆ మాటలో ఉంటారు. భాషా కుటుంబాల పటం వారిని చూపించదు.

ఇట్సెకిరి వారిని చూసినా ఇదే సంగతి. వారి భాష యోరుబాకు ఇగాలా కంటే కూడా దగ్గర. కానీ వారి రాజవంశం బెనిన్ యువరాజు గినువాతో మొదలైందని చెప్పుకుంటారు. వారి రాజును ‘వార్రి ఓలు’ అంటారు. తాము ఇట్సెకిరిలమనే చెబుతారు.

ప్రశ్న: తెలుగులో వేలకొద్దీ సంస్కృత పదాలు ఉన్నా తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని మా విద్యార్థులకు చెబుతూ వచ్చాను. అలాంటప్పుడు ఇగాలా, యోరుబాల పోలిక కూడా ఇరుగుపొరుగున తెచ్చుకున్న ఎరువు మాటల వల్లనే ఎందుకు కాకూడదు?
– బొబ్బిలి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, మీ సందేహం న్యాయమైనది. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం రుజువు కాదు. ఆ పోలిక ఎలాంటి మాటల్లో ఉంది, తేడాలు ఒక పద్ధతిలో ఉన్నాయా లేదా అన్నవే చూడాలి.

అంకెలను తీసుకోండి. రెండుకు ‘ఎజీ’, మూడుకు ‘ఎటా’, ఆరుకు ‘ఎఫా’, ఎనిమిదికి ‘ఎజో’ – ఇవి రెండు భాషల్లోనూ దాదాపు ఒక్కటే. వస్తువులను లెక్కపెట్టేటప్పుడు రెండు భాషలూ వీటి ముందు మకారం చేరుస్తాయి: మూడు వస్తువులైతే ‘మెటా’. నీళ్ళు రెండింటిలోనూ ‘ఓమి’. ఇంతవరకే అయితే మీ సందేహం సందేహంగానే ఉండిపోయేది, ఎందుకంటే అంకెలను కూడా ఎరువు తెచ్చుకునే భాషలు లోకంలో ఉన్నాయి.

అసలు రుజువు తేడాల్లో దొరుకుతుంది. నాలుగును యోరుబా ‘ఎరిన్’ అంటే ఇగాలా ‘ఎలె’ అంటుంది. అయిదును యోరుబా ‘అరూన్’ అంటే ఇగాలా ‘ఎలూ’ అంటుంది. యోరుబాలో రకారం ఉన్నచోట ఇగాలాలో లకారం ఉంది, యోరుబాలో అచ్చు ముక్కుతో పలికినచోట ఇగాలాలో మామూలుగా పలుకుతుంది, అదీ రెండు మాటల్లోనూ ఒకే తీరులో. పది యోరుబాలో ‘ఎవా’, ఇగాలాలో ‘ఎగ్వా’. మొన్న మొన్న సంతలో విని తెచ్చుకున్న మాట అయితే పొరుగువారు పలికినట్టే వచ్చి ఉండేది. ఇలా వరుసగా, ఒక నియమానికి కట్టుబడి మారి ఉండేది కాదు. అన్ని అంకెలూ ఇంత తేటగా కుదరవన్న మాటా చెప్పాలి: ఏడు, తొమ్మిదిల దగ్గర తేడా ఎక్కువ. అయినా ఇలాంటి పొంతనలు అంకెలు దాటి రోజువారీ మాటల్లోకి విస్తరించడం వల్లనే ఈ చుట్టరికాన్ని నేటి పండితులు అంగీకరించారు.

సంస్కృతం నుంచి తెలుగు తెచ్చుకున్నవాటిలో శాస్త్రం, పూజ, పాలన, కవిత్వాలకు సంబంధించిన మాటలు ఎక్కువ. రెండు, మూడు, కన్ను, చెయ్యి, ఇల్లు వంటివి ద్రావిడమే. మీరు విద్యార్థులకు చెబుతూ వచ్చిన వాదమే ఇగాలా విషయంలో ఎరువుకు వ్యతిరేకంగా, చుట్టరికానికి అనుకూలంగా నిలుస్తుంది.

ప్రశ్న: ఈ రెండు జనాలూ నేడు ఒకే రాష్ట్రంలో ఉన్నాయా?
– రాజాం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కొంతవరకు ఉన్నాయి. 1991లో లొకోజా రాజధానిగా ఏర్పడిన కోగి రాష్ట్రంలో తూర్పున ఇగాలా వారు, నడుమ ఎబిరా వారు, పడమట కబ్బా వైపు ఓకున్ వారు ఉంటారు. ఓకున్‌ల పలుకులు యోరుబా మాండలికాలే. అంతకుముందు 1967 నుంచి ఇగాలా ప్రాంతం క్వారాలో, 1976 నుంచి బెన్యువే రాష్ట్రంలో ఉండేది. రాష్ట్రం పేరు ఎన్నిసార్లు మారినా వారి పేరు మారలేదు.

ప్రశ్న: మేము జాతాపులం. మా అవ్వ కువి మాట్లాడుతుంది, నాకు తెలుగే వచ్చు. భాష పోయాక మేము జాతాపులమని చెప్పుకునే హక్కు ఉందా అని కాలేజీలో ఒకరు అడిగారు. ఇగాలా వారి గురించి మీరు చెప్పే లెక్కలో మాకు జవాబు దొరుకుతుందా?
– సాలూరు నుంచి ఒక విద్యార్థిని

జవాబు: దొరుకుతుందమ్మా. ఆ ప్రశ్న అడిగినవారికి మీరు ధైర్యంగా సమాధానం చెప్పవచ్చు.

కువి, కుయి, కొండ, గోండి భాషలు తెలుగు ఉన్న దక్షిణ మధ్య ద్రావిడ శాఖలోనివే. అంటే శ్రీకాకుళం, విజయనగరం మైదానంలో తెలుగు మాట్లాడేవారికీ, కొండ మీద కువి మాట్లాడే మీ అవ్వకూ మధ్య ఉన్నది యోరుబా, ఇగాలాల మధ్య ఉన్నలాంటి భాషా చుట్టరికమే. ఆ కారణం చూపి కువి వారిని తెలుగు వారిలో ఒక శాఖ అని ఎవరైనా అంటే అది ఎంత తప్పో, ఇగాలాను యోరుబా శాఖ అనడమూ అంతే తప్పు.

దీనికి పూర్తిగా అవతలి కొస కూడా మన దగ్గరే ఉంది. మీ సాలూరు వైపు గదబల పలుకు ద్రావిడ భాష. కోరాపుట్, అరకు వైపు గదబలలో ఒక వర్గం మాట్లాడే గుతోబ్ మాత్రం సవరలాగా ముండా కుటుంబానికి చెందినది; మన భాషలతో దానికి ఏ చుట్టరికమూ లేదు. ఇద్దరూ గదబలే. పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువు, వ్యాకరణం సమకూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు, ఆ భాష తెలుగుకు చుట్టమా కాదా అన్నదాన్ని బట్టి సవరలను గౌరవించలేదు. వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పాలని పాటుపడ్డారు.

అందుచేత జాతాపు అన్న మీ పేరు మీదే. అవ్వ మాట సంగతి మాత్రం ఆలస్యం చేయకండి. జనాభా లెక్కల్లో తెగ పేరు వేరుగా, మాతృభాష వేరుగా, అదీ ఇంట్లో ఒక్కొక్కరికీ విడివిడిగా రాస్తారు. లెక్కల వారు వచ్చిన రోజున ఇంటి యజమాని తెలుగు అన్నారు కదా అని అందరికీ అదే రాయనివ్వకుండా, అవ్వ మాతృభాష కువి అని దగ్గరుండి రాయించండి.