టీకా వేయించాకే మాటలు పోయాయంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. పెద్ద మనవడికి నాలుగేళ్లు, ఆటిజం అన్నారు. ఏడాది దాటాక ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే) టీకా వేయించిన కొన్ని వారాలకే 'అమ్మ', 'తాత' అనడం కూడా మానేశాడట. అక్కడ ఆటిజం పిల్లల తల్లులు కొందరు అంతా టీకా వల్లే అంటున్నారని, ఇప్పుడు పదకొండు నెలల చంటిదానికి వేయించనంటోంది. నేను నోరెత్తితే "నీకు తెలీదమ్మా" అంటుంది. ఒకటే టెన్షన్.
– ఒక అమ్మమ్మ, గుంటూరు

జవాబు: అమ్మా, మీ అమ్మాయి అబద్ధం చెప్పట్లేదు. మాటలు పోవడం ఆవిడ కళ్లారా చూసింది. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి వచ్చిన మాటలు ఏడాదిన్నర అటూ ఇటూగా పోతాయి, ఎంఎంఆర్ మొదటి డోసు అక్కడ 12–15 నెలల మధ్య వేస్తారు, అందుకే దీని వల్లే అది జరిగినట్టు కనిపిస్తుంది. టీకా పడని పిల్లల్లోనూ అదే వయసులో అలా జరుగుతుంది. వాడి మొదటి పుట్టినరోజు వీడియో ఉంటే ఒకసారి చూడమనండి. కేకు ముందు కూర్చోబెట్టి ఇంతమంది పేరు పెట్టి పిలుస్తుంటే వాడు తల తిప్పాడా, బెలూన్ దారమే చూస్తూ కూర్చున్నాడా? అందరిలోనూ ముందే తెలియదు గానీ, చాలామందిలో గుర్తులు అప్పటికే ఉంటాయి.

ఈ భయం 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే లండన్ డాక్టరు 12 మంది పిల్లల మీద రాసిన పేపర్‌తో మొదలైంది. టీకా కంపెనీల మీద కేసు వేయాలనుకున్న లాయరు నుంచి ఆయనకు డబ్బు ముట్టిందని బ్రయాన్ డీర్ అనే జర్నలిస్టు బయటపెట్టాడు. 2010లో ఆ పేపర్‌ను అచ్చేసిన లాన్సెట్ అనే వైద్య పత్రికే దాన్ని రద్దు చేసింది, అదే ఏడాది బ్రిటన్‌లో ఆయన డాక్టరుగిరీ కూడా పోయింది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి 2019లో చెప్పిందేంటంటే, ఎంఎంఆర్ పడినవాళ్లకి ఆటిజం ఎక్కువ రాలేదు. పన్నెండు మంది ఎక్కడ, ఆరున్నర లక్షలెక్కడ!

తల్లుల మాటే కావాలంటే ఆలిసన్ సింగర్ ఉంది. ఆవిడ కూతురికీ ఆటిజమే. తేలిపోయిన టీకా గొడవ మీదే ఇంకా పరిశోధన డబ్బు పోస్తున్నారని 2009లో 'ఆటిజం స్పీక్స్' సంస్థ నుంచి బయటికొచ్చేసి, వేరే సంస్థ పెట్టుకుంది. నాకైతే పోరాటమంటే అదీ అనిపిస్తుంది. మీ అమ్మాయి పోట్లాడాల్సింది కూడా స్కూల్ డిస్ట్రిక్ట్‌తో, అంటే అక్కడి ప్రభుత్వ బడుల్ని నడిపే వాళ్లతో. మూడేళ్లు నిండిన ఇలాంటి పిల్లలకి వాళ్లే ఉచితంగా స్పెషల్ ఎడ్యుకేషన్ ఇవ్వాలి, ఐఈపీ (ఆ పిల్లవాడికి ప్రత్యేకంగా రాసే చదువు ప్రణాళిక) మీటింగులో స్పీచ్ థెరపీ వారానికి ఎన్ని నిమిషాలో కాగితం మీద రాయించుకోవాలి.

చంటిదాని టీకా మాత్రం ఆపొద్దు. 2025లో వాళ్ల టెక్సస్‌లోనే ఒక్క విడతలో 762 మందికి తట్టు సోకింది, టీకా వేయించని ఇద్దరు పిల్లలు చనిపోయారు.

వాదన పెట్టుకోకండి, ఆ వీడియో మీరూ కలిసి చూడండి. టీకా వేయించాక వారం పది రోజులకి జ్వరం రావచ్చు. ఆ రాత్రి తనకి పాత భయమంతా తిరిగొస్తుంది, ఫోన్ దగ్గరే పెట్టుకోండి, మీకప్పుడు పగలే కదా.